కొత్త యంత్రములు – ఊరి ఆహారము: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

ఒక తరమునకు పూర్వము చౌక బియ్యపు దుకాణములో ఒక పుస్తకముండెడిది. ఎవరికి ఎంత ఇచ్చినదియు డీలరు కలముతో అందు వ్రాసికొనెడివాడు. నేడు ఆ పుస్తకమునకు బదులు వేలిముద్ర యంత్రము వచ్చినది. అంగన్‌వాడీ కేంద్రములో బిడ్డల బరువును వ్రాయు రిజిష్టరునకు బదులు సెల్‌ఫోను వచ్చినది. గూడూరు మార్కెట్టులో నిమ్మకాయల ధర ఈ పూట ఎట్లున్నదో రైతు తన తోటలో నిలిచియే తెలిసికొనుచున్నాడు. వాకాడు, కోట, చిల్లకూరు మండలముల తీరమున వేటకు పోవు మత్స్యకారులకు చేపలున్న చోటును గూర్చిన సలహా ఆకాశమందలి ఉపగ్రహము సాయమున అందుచున్నది. ఏమి తినవలెను, ఏమి తినరాదు అను మాటలు సయితము ఫోనులోనే ఇల్లిల్లు తిరుగుచున్నవి.

ఇవి మన ఒక్క తాలూకాలోని మార్పులు కావు. ప్రపంచమంతటను ఆహారము పండించుట, అమ్ముట, పంచుట, తినుట అను నాలుగు పనులలోను ఈ యంత్రములు ప్రవేశించినవి. వీనివలన మేలు కలుగుచున్నదనుటలో సందేహము లేదు. అయినను పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. యంత్రములోని లెక్క సరిగా ఉన్నంత మాత్రమున ఊరిలోని ప్రతి ఇంటను కంచములోనికి అన్నము చేరినట్లేనా? ఈ పాఠము ఆ ప్రశ్నను గూర్చినదే.

ఇందు పంచాయతీకి పని ఏమి?

"రేషను పౌరసరఫరాల శాఖ పని, అంగన్‌వాడీ శిశు సంక్షేమ శాఖ పని, నడుమ మాకేమి పని?" అని కొందరు సభ్యులు తలచుట కలదు. ఇది సరికాదు. రాజ్యాంగపు 73వ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి, ప్రజాపంపిణీ వ్యవస్థ ఆ జాబితాలోనివే.

అంతకన్న స్పష్టముగా, 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము స్థానిక సంస్థలను ప్రత్యేకముగా పేర్కొన్నది. చౌకధరల దుకాణముల పనిని అప్పుడప్పుడు సామాజిక తనిఖీ చేయుట, దాని ఫలితమును ప్రజలకు తెలుపుట స్థానిక సంస్థల చేత గాని, ప్రభుత్వము నిర్ణయించిన ఇతర సంస్థల చేత గాని జరుగవలెనని 28వ సెక్షను చెప్పుచున్నది. దుకాణ స్థాయి మొదలు రాష్ట్ర స్థాయి వరకు నిఘా సంఘములు ఉండవలెననియు, అందు స్థానిక సంస్థలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు, దిక్కులేనివారికి, అంగవైకల్యము గలవారికి తగు స్థానముండవలెననియు 29వ సెక్షను చెప్పుచున్నది. కావున ఊరి ఆహారమును గూర్చి అడుగుట సభ్యులకు చట్టమిచ్చిన అధికారము.

చౌకధరల దుకాణము

ఆంధ్రప్రదేశమున 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము మొదలైనది. నాటినుండి నేటివరకు పేద ఇండ్లలో పొయ్యి వెలుగుటకు "స్టోరు బియ్యము" ఆధారమై ఉన్నది. ఆహార భద్రతా చట్టము క్రింద అంత్యోదయ కుటుంబమునకు నెలకు 35 కిలోలు, తక్కిన అర్హ కుటుంబములలో తలకు నెలకు 5 కిలోలు ధాన్యము పొందు హక్కు ఏర్పడినది. 2023 జనవరి నుండి ఈ ధాన్యమును కేంద్ర ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. 2024 జనవరి 1 నుండి అయిదేండ్లకు ఈ ఏర్పాటు పొడిగింపబడినది.

2015 నుండి మన రాష్ట్రపు దుకాణములలో ఈ-పాస్ మిషనులు ప్రవేశపెట్టబడినవి. కార్డుదారుడు వేలు పెట్టగా, ఆ ముద్ర ఆధార్ నందలి ముద్రతో సరిపోయిన యెడల సరుకు ఇవ్వబడును. ఎంత ఇచ్చినది, ఎంత మిగిలినది వెంటనే పై అధికారులకు తెలియును. పూర్వము లేని మనుష్యుల పేర కార్డులు పుట్టించి బియ్యమును ప్రక్కదారి పట్టించుట సులభముగా నుండెను. అది నేడు కష్టమైనది. ఇది మొదటి మేలు.

రెండవ మేలు వలస కూలీలకు కలిగినది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల నడుమ, అట్లే గుజరాత్, మహారాష్ట్రముల నడుమ, ఒక రాష్ట్రపు కార్డుతో రెండవ రాష్ట్రమున సరుకు తీసికొను ఏర్పాటు మొదలైనది. 2022 నాటికి దేశమంతటను అది అమలునకు వచ్చినది. గూడూరు జంక్షనులో రైలెక్కి మద్రాసు పనులకు పోవువారు మనకు తెలియనివారు కారు. అట్టివారు తమ వంతు బియ్యమును చెన్నైలో తీసికొనవచ్చును. ఊరనున్న ముసలి తల్లిదండ్రులు మిగిలిన వంతును ఇక్కడనే తీసికొనవచ్చును. పాత పుస్తకముతో ఈ పని సాధ్యమయ్యెడిది కాదు.

మన రాష్ట్రమున 2021 జనవరిలో మొదలైన ఇంటింటి బియ్యపు బండ్ల పద్ధతి తీసివేయబడి, 2025 జూన్ 1 నుండి మరల దుకాణముల ద్వారా పంపిణీ ఆరంభమైనది. 65 ఏండ్లు దాటిన వృద్ధులకును, అంగవైకల్యము గలవారికిని ఇంటివద్దనే ఇచ్చు ఏర్పాటు దానితోపాటు చేయబడినది. అదే సంవత్సరము ఆగస్టు 25 నుండి క్యూఆర్ కోడ్ గల స్మార్ట్ రేషను కార్డుల పంపిణీ మొదలైనది.

అనుభవము నేర్పిన సంగతి

ఒకే విధమగు యంత్రము ఒక చోట మేలు చేసి, మరియొక చోట మేలుతోపాటు కీడును చేయుట కలదు. దానికి కారణము తెలిసికొనుట అవసరము.

2010 నుండి 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఎనిమిది జిల్లాలలో ఉపాధి హామీ కూలిని, పింఛనులను వేలిముద్రల స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చుటను మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ అను ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు 157 మండలములలో పరిశీలించిరి. నెల్లూరు జిల్లా ఆ ఎనిమిదింటిలోనిది. గూడూరు నాడు ఆ జిల్లాలోని పట్టణము. కూలి త్వరగా చేతికందుట, దానికై కాచుకొను సమయము తగ్గుట, నడుమవారు తినివేయు సొమ్ము తగ్గుట వారు గమనించిరి. ఇందు ముఖ్యమైన విషయ మేమనగా, కార్డు ఇంకను రాని వారికి పాత పద్ధతిలో చెల్లించుట ఆపివేయలేదు. కొత్త తలుపు తెరచుచు పాత తలుపును మూయలేదన్నమాట.

తరువాత అదే పరిశోధకులు జార్ఖండ్ రాష్ట్రమున రేషను దుకాణములలోని వేలిముద్ర యంత్రములను పరిశీలించిరి. అచ్చట ఫలితము వేరుగా నుండెను. యంత్రము పెట్టిన మొదటి దశలో కార్డుదారులకు అందు సరుకు సగటున పెరుగలేదు. ఆధార్ జతపడని కుటుంబములకు మాత్రము తగ్గినది. పిమ్మట యంత్రములోని నిల్వ లెక్కను బట్టి డీలర్లకు సరఫరాను తగ్గించినప్పుడు అక్రమము తగ్గినది. కాని దానితోపాటు కార్డుదారులకు అందవలసిన ధాన్యము కూడ కొంత తగ్గిపోయినది. దొంగను పట్టు వలలో ఆకలిగొన్నవాడును చిక్కుకొనెను.

విదేశములలోను ఇట్టి ఏర్పాట్లు కలవు. జోర్డాను దేశమున అజ్రక్ అను శరణార్థుల శిబిరములో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార సంస్థ, కంటిపాపను యంత్రమునకు చూపి దుకాణములో ఆహారము కొనుక్కొను పద్ధతిని ప్రవేశపెట్టినది. 2017 నాటికి ఆ లెక్కలన్నియు కంప్యూటర్లలోనే నడచుచుండెను. డబ్బును గాని, కార్డును గాని మోయక శరణార్థులు తమకు నచ్చిన పప్పు, కూరగాయలు ఎంచుకొనగలిగిరి. యంత్రము వలన మనిషికి ఎంపిక పెరిగిన చోట అది మేలే.

మిగిలిన తొమ్మిది కార్డులు

ఒక ఊరిలో 300 కార్డులున్నవనుకొందము. నెలాఖరున యంత్రపు లెక్కలో 291 కార్డులకు బియ్యమిచ్చినట్లు కనబడినది. నూటికి 97 వంతులు. పై అధికారి దీనిని చూచి సంతోషింపవచ్చును. పంచాయతీ సభ్యుడు ఇంతటితో తృప్తి పడరాదు. మిగిలిన తొమ్మిది ఇండ్ల పేర్లేవి అని అతడు అడుగవలెను.

ఆ తొమ్మిదిలో ఇద్దరు మద్రాసులో తీసికొనియుండవచ్చును. ఒకరికి బియ్యము అక్కరలేకపోయి యుండవచ్చును. కాని మట్టిపనిలో, రాతిపనిలో, నాట్లలో వేళ్లరేఖలు అరిగిపోయిన కూలివాండ్రు, ముడుతలు పడిన చేతుల వృద్ధులు, మంచము పట్టిన ఒంటరి స్త్రీలు, కుష్ఠువ్యాధి వలన వేళ్లు కోల్పోయినవారు కూడ అందులో ఉండవచ్చును. యంత్రము దృష్టిలో ఈ తొమ్మిదియు ఒకటే: "తీసికొనలేదు". ఎవరు అక్కరలేక రాలేదో, ఎవరు మూడుమారులు వచ్చి వేలు పడక వెనుదిరిగిరో దానికి తెలియదు. ఆ సంగతి వీధిలోని వారికి తెలియును. వార్డు సభ్యునికి తెలియును.

ఇట్టి వారికై నియమములు లేకపోలేదు. ఆధార్ లేదను కారణమున అర్హుల పేర్లు జాబితానుండి తొలగింపరాదనియు, వేలిముద్ర పడకపోవుట, సిగ్నలు అందకపోవుట, యంత్రము చెడిపోవుట వంటి కారణములచే ఎవరికిని సరుకు నిరాకరింపరాదనియు కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రములకు ఆదేశమిచ్చినది. అట్టి సందర్భములలో కార్డును చూచి సరుకునిచ్చి, వేరొక రిజిష్టరులో వ్రాసికొనవలెను. చట్టము ప్రకారము రావలసిన ధాన్యము అందనప్పుడు ఆహార భద్రతా భత్యమును కోరు హక్కును, జిల్లా స్థాయిలో ఫిర్యాదు చేయు హక్కును కలవు. 1967 అను ఫోను నంబరు రేషను ఫిర్యాదులకై ఏర్పడినదే.

హక్కు కాగితముపై నున్నను, దానిని అడుగువారు లేనియెడల ఫలము శూన్యము. డెబ్బదియేండ్ల వృద్ధురాలు ఆదేశము తేదీని చెప్పి డీలరుతో వాదింపజాలదు. ఆమె పక్షమున మాటాడవలసినది పంచాయతీయే.

అంగన్‌వాడీ ఫోను

1975 అక్టోబరు 2న దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఆరంభమైనవి. 2018 మార్చి 8న పోషణ్ అభియాన్ ప్రారంభింపబడినది. 2021 మార్చి నుండి "పోషణ్ ట్రాకర్" అను ఏర్పాటు వచ్చి, అంగన్‌వాడీ కార్యకర్త బిడ్డల ఎత్తు, బరువు, హాజరు, ఇచ్చిన ఆహారము మొదలగునవి ఫోనులో ఎక్కించుచున్నది. 2025 జూలై 1 నుండి ఇంటికిచ్చు పోషకాహారమును తీసికొనువారి ముఖమును ఫోనులో సరిచూచుట తప్పనిసరి చేయబడినది.

ఈ ఫోనునకు ఒక గొప్ప గుణము కలదు. బిడ్డ వయస్సు, ఎత్తు, బరువు ఎక్కించిన వెంటనే ఆ బిడ్డ వయస్సునకు తగిన ఎత్తు ఉన్నదా, ఎత్తునకు తగిన బరువున్నదా అని అది లెక్కకట్టి చూపును. పూర్వము పట్టికలు చూచి గీతలు గీయుటలో ఎన్నియో పొరపాట్లు జరిగెడివి. ఈ లెక్క ఎంత అవసరమో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. దాని ప్రకారము ఆంధ్రప్రదేశమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 31.2 మంది వయస్సునకు తగిన ఎత్తు లేనివారు, 16.1 మంది ఎత్తునకు తగిన బరువు లేనివారు. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికిని, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో దాదాపు 59 మందికిని రక్తహీనత ఉన్నది.

అయితే ఫోను తానుగా బిడ్డను తూచలేదు. కాటా తప్పుగా చూపినను, నెల తప్పిన బిడ్డకు పోయిన నెల బరువునే తిరిగి ఎక్కించినను, ఫోను దానినే నమ్మును. రెండేండ్లలోపు బిడ్డను పరుండబెట్టి పొడవు కొలువవలెను. రెండేండ్లు దాటిన బిడ్డను నిలువబెట్టి ఎత్తు కొలువవలెను. ఒక అంగుళము తప్పు కొలిచినను బిక్కపలుచని బిడ్డ ఆరోగ్యవంతునిగా కనబడవచ్చును. తెరపై పచ్చరంగు కనబడుటచే ఆ బిడ్డను ఎవరును పట్టించుకొనరు. కావున కేంద్రములో కాటా, ఎత్తుబద్ద మంచి స్థితిలో ఉన్నవో లేదో చూచుట సభ్యుల మొదటి పని.

సభ్యులు సులభముగా గ్రహింపదగిన కొలత మరియొకటి కలదు. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డ యొక్క జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినయెడల అది తీవ్రమైన పోషణలోపమునకు గుర్తు. అట్టి బిడ్డను ఫోనులో రంగు ఏదైనను ఆలస్యము చేయక వైద్యునివద్దకు పంపవలెను.

ముఖము సరిపోలని కారణమున గర్భిణికి గాని, బాలింతకు గాని ఆహారము ఆగినదా అని కూడ విచారింపవలెను. సిగ్నలు అందని కేంద్రములో కార్యకర్త ఫోను పట్టుకొని గుట్టపైకో, రోడ్డుపైకో పోవలసివచ్చిన, ఆ సమయము పిల్లలకు దక్కవలసిన సమయము. ఇందు కార్యకర్తను తప్పుపట్టుట కన్న, ఆమెకు కావలసిన సదుపాయమును మండల, జిల్లా అధికారులనుండి అడిగి తెచ్చుట పంచాయతీకి తగిన పని.

పొలము, మార్కెట్టు, సముద్రము

ధర తెలియుట వలన రైతునకు, మత్స్యకారునికి మేలు కలుగును. దీనికి పేరుపొందిన ఉదాహరణ ఉత్తర కేరళ తీరమున కలదు. 1997 మొదలు 2001 వరకు అచ్చట సెల్‌ఫోనులు వచ్చిన కాలమున రాబర్టు జెన్సెన్ అను అర్థశాస్త్రవేత్త కవళ్ల చేపల మార్కెట్లను పరిశీలించెను. అంతకు పూర్వము ఒక రేవులో చేపలు కొనువారు లేక పారవేయుచుండగా, ప్రక్క రేవులో చేపలు చాలకుండెడివి. నూటికి అయిదు మొదలు ఎనిమిది వంతుల చేపలు వ్యర్థమగుచుండెను. ఫోనులు వచ్చిన పిమ్మట పడవవారు సముద్రము మీదనుండియే ధర విచారించి, గిరాకీ ఉన్న రేవునకు పోసాగిరి. వ్యర్థము దాదాపు ఆగిపోయినది. మత్స్యకారుల లాభము నూటికి ఎనిమిది వంతులు పెరిగినది. కొనువారికి ధర నూటికి నాలుగు వంతులు తగ్గినది.

మన తీరమునకు మరియొక సాయము కూడ కలదు. గూడూరునకు దక్షిణమున ఉన్న శ్రీహరికోట నుండి 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్–2 ఉపగ్రహమును, 2022 నవంబరు 26న దాని తరువాతి ఉపగ్రహమును ప్రయోగించిరి. ఇట్టి ఉపగ్రహములు సముద్రజలపు రంగును కనిపెట్టును. నీటిలో కంటికి కానరాని పచ్చని సూక్ష్మజీవులు పెరిగినచోట రంగు మారును. వానిని తినుటకు చిన్న చేపలు, చిన్న చేపలకై పెద్ద చేపలు చేరును. ఈ రంగును, నీటి వేడిని కలిపి చూచి, చేపలు దొరుకుటకు అవకాశమున్న చోట్లను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము మత్స్యకారులకు తెలుపుచున్నది. వెదకులాట తగ్గినంత డీజిలు మిగులును.

గూడూరు నిమ్మ సంగతియు ఇట్టిదే. వేసవిలో ఉత్తరాది నగరములలో గిరాకీ హెచ్చినప్పుడు ఆ వార్త ఫోనులో గడియలో తోటకు చేరుచున్నది. ధర పడిన దినమున కోత ఆపుటకు, ధర లేచిన దినమున కోయుటకు రైతునకు వీలుకలుగుచున్నది.

ఇంతవరకు బాగుగానే ఉన్నది. కాని ధర తెలిసినంత మాత్రమున పోషణ పెరుగదు. మంచి ధర కొరకు చేపలన్నియు ఐసు పెట్టెలలో నగరములకు పోయి, ఊరి పిల్లలకు చేప దొరకకపోవచ్చును. తోటలోని నిమ్మకాయలన్నియు లారీకెక్కి, కోసిన కూలివాని ఇంట కూరలో పిండుటకు కాయ లేకపోవచ్చును. అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత పప్పునకు, ఆకుకూరకు, గ్రుడ్డునకు మరలినప్పుడే ఆ లాభము ఒంటికి పట్టును.

ఫోనులో వచ్చు మాట

2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోడిమాంసము వలన కరోనా వ్యాపించునను అబద్ధము ఫోనులలో దేశమంతటను ప్రాకినది. కోళ్లు కొనువారు లేక రైతులు దెబ్బతినిరి. భయము పోగొట్టుటకు తెలంగాణ మంత్రులు ఫిబ్రవరి 28న హైదరాబాదులో బహిరంగ సభలో కోడికూర తిని చూపవలసివచ్చెను. మాంసకృత్తులు ఎక్కువగా కావలసిన పిల్లలకు ఆ నెలలలో భయము వలననే మంచి ఆహారము దూరమైనది.

బలవర్ధక బియ్యము విషయమునను ఇట్లే జరిగినది. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, విటమిను బి12 చేర్చి బియ్యపుపిండితో చేసిన గింజలను, నూరు గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యములో కలిపి ఇచ్చుటను ప్రభుత్వము చేపట్టినప్పుడు, అవి నీటిలో తేలుట చూచి "ప్లాస్టిక్ బియ్యము" అను వదంతి వాట్సాపులో వ్యాపించినది. కొందరు తల్లులు ఆ గింజలను ఏరి పారవేసిరి. పోషణకై చేర్చినదే చెత్తబుట్ట పాలైనది. గింజ ఎట్లు తయారగునో ముందుగా గ్రామసభలో చెప్పియుండినచో ఈ నష్టము చాలవరకు తప్పెడిది.

అబద్ధము కన్న మెల్లగా పనిచేయునది ప్రకటన. చిప్స్, తీపి పానీయములు, బిస్కట్లు మొదలగు పొట్లపు తిండ్ల ప్రకటనలు పిల్లలు చూచు బొమ్మల నడుమ వచ్చుచున్నవి. పిల్లవాడు ఫోను చూచుచు తినుటచే ఎంత తిన్నదియు, ఏమి తిన్నదియు గమనింపడు. ఒకవంక రక్తహీనత ఉండగానే మరొకవంక స్థూలకాయము పెరుగుచున్నది. పైన చెప్పిన సర్వే ప్రకారము మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు గలవారు. ఈ రెండును ఒకే ఊరిలో, ఒక్కొక్కమారు ఒకే ఇంటిలో కానవచ్చును.

ఏది తినవలెనను విషయమున నమ్మదగిన మాట ఎచ్చటిది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలిన ఈ సంస్థ 2024 మే నెలలో భారతీయులకు 17 ఆహార సూత్రములను ప్రకటించినది. దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదనియు, పప్పులు, మాంసము మొదలగునవి 15 వంతుల వరకు ఉండవలెననియు అందు చెప్పబడినది. మూడుపూటల తెల్లన్నమే తిను మనకు ఇది ముఖ్యమైన హెచ్చరిక. భోజనమునకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట కాఫీ, టీలు త్రాగరాదని కూడ ఆ సంస్థ చెప్పినది. ఏలయనగా అవి ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. నిమ్మరసములోని సి విటమిను దీనికి విరుద్ధముగా పనిచేసి ఇనుము ఒంటికి పట్టుటకు తోడ్పడును. తోటకూర పప్పుపై అరచెక్క నిమ్మకాయ పిండుకొనుట గూడూరు ప్రాంతమువారికి కష్టమైన పని కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ప్రతి నెలాఖరున దుకాణములో సరుకు తీసికొనని కార్డుల జాబితాను డీలరునుండి గాని, సచివాలయ సిబ్బందినుండి గాని అడిగి తీసికొనుడు. వార్డు సభ్యులు ఆ ఇండ్లకు పోయి కారణము విచారింపవలెను. అక్కరలేనివారు, వలస పోయినవారు, వేలిముద్ర పడనివారు అని మూడు విధములుగా వ్రాసికొనుడు.

2. వేలిముద్ర పడనివారికి కార్డు చూచి సరుకు ఇప్పించుడు. వారి ఆధార్ నందు వేలిముద్ర, కంటిపాప మరల నమోదు చేయించుటకు వాహనము గాని, తోడు మనిషిని గాని ఏర్పాటు చేయుడు. ఇంటివద్ద సరుకు పొందవలసిన వృద్ధులకు అది చేరుచున్నదో లేదో చూడుడు.

3. నిఘా సంఘము పేరుకు మాత్రమే ఉండరాదు. ఏడాదికి రెండుమారులైనను దుకాణపు లెక్కలను గ్రామసభలో చదివి వినిపింపుడు. చదువునప్పుడు ప్రజల ఆధార్ నంబర్లను గాని, ఫోను నంబర్లను గాని బయటపెట్టరాదు.

4. నెలకొకమారు బిడ్డలను తూచు దినమున ఒక సభ్యుడు, వీలైనంతవరకు మహిళా సభ్యురాలు, అంగన్‌వాడీలో హాజరుండవలెను. బరువు తగ్గుచున్న పిల్లల సంఖ్యను మాత్రమే గాక, వారి ఇంటి స్థితిని గ్రహింపవలెను.

5. ఆహారమును గూర్చిన వదంతి ఫోనులో వచ్చినప్పుడు, దానిని ఇతరులకు పంపక, ఆశా కార్యకర్తను గాని, ఆరోగ్యకేంద్రపు వైద్యుని గాని విచారించి, నిజమును పంచాయతీ నోటీసు బోర్డుపై వ్రాయింపుడు.

6. అంగన్‌వాడీ, బడి ఆవరణలలో నీటి వసతి ఉన్నచోట మునగ, కరివేప, ఆకుకూరలు, నిమ్మ పెంచుడు. దీనికి యంత్రము అక్కరలేదు.

ముగింపు

యంత్రమును దూషించుట వలన లాభము లేదు. అది రాకపూర్వము జరిగిన అక్రమములను మరువరాదు. అట్లే యంత్రము వచ్చినది గదా అని పంచాయతీ చేతులు ముడుచుకొనుటయు తగదు. ఎంత బియ్యము కదలినది, ఎందరు పిల్లలు తూగిరి అను లెక్క యంత్రము చెప్పును. ఆ లెక్కలో చేరని ఇల్లు ఏదియో కనుగొనుట ఊరిలోని మనుష్యుల పని. వచ్చు నెల పంచాయతీ సమావేశమున "మిగిలిన కార్డులు" అను ఒక్క అంశమును చర్చకు పెట్టినను ఈ పాఠము చదివిన ఫలము దక్కును.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో పోయిన నెల సరుకు తీసికొనని కార్డులెన్ని? కారణములేవి?

2. దుకాణ స్థాయి నిఘా సంఘములో సభ్యులెవరు? అది కడపటిసారి ఎప్పుడు కూడినది?

3. అంగన్‌వాడీలోని కాటాను ఎప్పుడు సరిచూచిరి? పోయిన నెల తూచబడని పిల్లలెందరు?

4. మన ఊరిలో పండు ఆహారములలో మన పిల్లలు తినుచున్నవి ఏవి, అమ్మివేయుచున్నవి ఏవి?